నీడనున్నా తప్పని వడదెబ్బ

వేసవి వచ్చిందంటే చాలు, మన పత్రికల్లో రోజూ ఒక పట్టిక పడుతుంది. రెంటచింతలలో ఇంత, విజయవాడలో ఇంత, అటు తెలంగాణాలో రామగుండం, కొత్తగూడెంలలో ఇంత అని. హాస్టల్లో పొద్దున్నే ఆ పట్టిక చూసి "హమ్మయ్య, మనకి 36 డిగ్రీలే!" అనుకోవడం మనందరికీ అలవాటు. సముద్రం ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది కాబట్టి విజయనగరం వాళ్లం అదృష్టవంతులమని మనకో నమ్మకం. ఈ నమ్మకం తప్పనీ, మామూలు తప్పు కాదు, ప్రాణాలు తీసే తప్పనీ నా అభిప్రాయం. సైన్సు చదువుకుంటున్న మనకి ఈ సంగతి తెలియాలి, తెలిశాక ఊరుకోకూడదు అని చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను రచయితని కాను. పొరపాట్లుంటే మాస్టార్లు మన్నించాలి.

మాది గంట్యాడ వైపు ఒక పల్లె. కొద్దిగా వరి పొలం, మూడెకరాల మామిడి తోట ఉన్నాయి. 2024 మే నెలలో, ఇంటరు అయిపోయి నేను ఇంటి దగ్గర ఉన్న రోజుల్లో, మా తోటలో కాయ కోత పడింది. ఏటా మా కోతకి వచ్చే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. యాభై అయిదేళ్లుంటాయి. మాకు చుట్టం కాదు గాని, ఊరి వరసని బట్టి నేను "మావా" అని పిలిచేవాణ్ణి. చిక్కం కట్టిన గెడ పట్టుకుంటే, కాయకి దెబ్బ తగలకుండా దించడంలో ఆయన తరవాతే ఎవరైనా.

ముందు రోజు సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి. తెల్లారేసరికి ఆకు కదలడం లేదు. ఒకటే ఉక్క. సాయంత్రానికి లారీ వస్తుంది, సరుకు పై రాష్ట్రాలకి వెళ్లాలి, ఆలస్యమైతే షావుకారు రేటు కోస్తాడు. పన్నెండు దాటింది. మావ చెట్టు మొదట్లో కూర్చుని తువ్వాలుతో విసురుకుంటున్నాడు. నాన్న కాటా దగ్గరున్నాడు. పనివాళ్ల దగ్గర నేనున్నాను. "మావా, ఇంకా నాలుగు చెట్లే కదా, కానిచ్చేసి ఒకేసారి బువ్వ తిందాం" అన్నాను. అనేముందు ఫోన్లో చూసేను కూడా, 36 డిగ్రీలే ఉంది. పైగా తోటంతా నీడ. ఆయనా అదే మాట అన్నాడు. "ఎండేటి నేదు గదా బాబూ, నీడనే ఉన్నాం" అని నవ్వుతూ లేచేడు.

గంట గడిచింది. కాయల బుట్ట మోసుకెళుతూ మావ మాట తడబడింది. నన్ను పట్టుకుని మా నాన్న పేరు పెట్టి పిలిచేడు. అందరూ నవ్వేరు. పొద్దున్నే మందు పడిందేమో అన్నాడొకడు. మరి నాలుగడుగులు వేసి కూలబడ్డాడు. ఒళ్లు నిప్పులా కాలిపోతోంది.

ఆ తరవాత మేం చేసినవన్నీ తప్పులే. చుట్టూ మూగి ఉన్న గాలి కూడా ఆపేసేం. తెలివి లేని మనిషి నోట్లో సోడా పోసేం. ఆటో కోసం ముప్పావుగంట ఎదురు చూసేం. పక్కనే బోరు ఉంది, తొట్టె నిండా నీళ్లున్నాయి. ఒక్క చెంబుడు నీళ్లు ఆయన ఒంటి మీద పోసినవాడు లేడు. కాలుతున్న ఒంటి మీద చన్నీళ్లు పొయ్యకూడదన్నారు పెద్దవాళ్లు. నేనూ ఊరుకున్నాను. ఆసుపత్రికి చేరేలోగానే ప్రాణం పోయింది. చొక్కా జేబులో ఒక ఉల్లిపాయ ఉంది. వడదెబ్బ తగలకుండా ఇంటి దగ్గర్నుంచి పెట్టుకొచ్చింది.

గుండె ఆగిపోయిందన్నారు. పోస్టుమార్టం లేదు, కాగితం లేదు, ఏ లెక్కలోనూ ఆయన లేడు. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. దినకార్యం నాడు అత్త నన్ను అడిగింది: "ఎండ తగల్నేదు గదా బాబూ, నీడనే ఉన్నాడు గదా. మరెలగ అయిపోనాడు?"

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. అది నాకు ఈ కళాశాలలో, భౌతిక శాస్త్ర ప్రయోగశాలలో దొరికింది.

తడి, పొడి బల్బుల హైగ్రోమీటరు మనలో చాలామంది చూసేం. రెండు థర్మామీటర్లు. ఒకదాని బల్బుకి తడి గుడ్డ చుట్టి ఉంటుంది. గుడ్డలోని నీరు ఆవిరవుతూ బల్బు వేడిని పట్టుకుపోతుంది కాబట్టి అది తక్కువ చూపిస్తుంది. గాలి పొడిగా ఉంటే తేడా ఎక్కువ, గాలిలో తేమ నిండి ఉంటే తేడా తక్కువ. పట్టిక చూసి ఆర్ద్రత కట్టి, రికార్డులో రాసి, సంతకం పెట్టించుకుని మరిచిపోతాం. నేనూ మరిచిపోయేవాణ్ణే. కాని ఆ తడి గుడ్డ చూస్తూ ఉంటే, చెమటతో తడిసి ఒంటికి అతుక్కుపోయిన మావ చొక్కా గుర్తొచ్చింది. మనిషి కూడా తడి బల్బే గదా అనిపించింది.

మన శరీరం లోపల 37 డిగ్రీల దగ్గర ఉండాలి. పని చేసే కండరాలు వేడి పుట్టిస్తూనే ఉంటాయి. బయటి గాలి ఒంటికన్నా చల్లగా ఉంటే కొంత వేడి దానికి పోతుంది. బయట కూడా 36, 37 ఉంటే ఆ దారి మూసుకున్నట్టే. ఇక మిగిలింది చెమట ఒక్కటే. అయితే చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు. ఆ చెమట ఆరాలి. ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 580 కాలరీల వేడి పట్టుకుపోతుంది. మనం గుప్తోష్ణం అని బట్టీ పట్టేది ఇదే. అదే గ్రాము ఆవిరి కాకుండా బొట్టుగా నేల మీద పడితే పట్టుకుపోయేది దాదాపు ఏమీ లేదు. ఒంట్లో నీరూ ఉప్పూ పోవడం మాత్రం పోతాయి. ఈ సంగతి మన అమ్మలకి ఎప్పటినుంచో తెలుసు. పొడి గాలి వీచే రోజున కుండలో నీళ్లు చల్లగా ఉంటాయి. ఉక్కపోసే రోజున అదే కుండ, అదే నీడ, నీళ్లు మాత్రం చల్లబడవు.

ఇప్పుడు లెక్క చూడండి. రెంటచింతలలో 44 డిగ్రీలు, ఆర్ద్రత 20 శాతం అనుకుందాం. పట్టిక ప్రకారం తడి బల్బు 25 దగ్గర ఉంటుంది. మన దగ్గర 36 డిగ్రీలు, ఆర్ద్రత 65 శాతం. మే నెలలో మన తీరానికి ఇది వింత కాదు. తడి బల్బు 30 దగ్గరికి వస్తుంది! పత్రికలో ఎనిమిది డిగ్రీలు తక్కువున్న మనం, తడి బల్బు దగ్గర అయిదు డిగ్రీలు ఎక్కువలో ఉన్నాం. 44 డిగ్రీలు ప్రమాదం కాదని కాదు. ఆ ఎండ మనిషిని మరో విధంగా, ఒంట్లో నీరు లాగేసి చంపుతుంది. కాని 36 క్షేమం అనుకోవడం వట్టి భ్రమ.

తడి బల్బు 35 దాటితే ఎంత ఆరోగ్యవంతుడైనా, నీడలో కూర్చున్నా, ఎన్ని నీళ్లు తాగినా కొన్ని గంటల కంటే బతకడం కష్టమని 2010లో శాస్త్రజ్ఞులు లెక్క కట్టేరు. తరవాత అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు మనబోటి కుర్రవాళ్ల మీదే ప్రయోగాలు చేసి, 2022లో ఫలితాలు ప్రకటించేరు. తేమ ఎక్కువున్న గాలిలో, తేలికపాటి పనికే, 31 దగ్గరకి వచ్చేసరికి ఒంటి వేడి అదుపు తప్పడం మొదలైందట. అది ప్రయోగశాలలో, వయసులో ఉన్నవాళ్ల సంగతి. యాభై అయిదేళ్ల మనిషి, నెత్తి మీద బరువుతో, గాలి కదలని తోటలో, 30 దగ్గర ఎంతసేపు తట్టుకుంటాడు? నీడ సూర్యుడి వేడిని ఆపింది. చెమటని మాత్రం ఆర్చలేకపోయింది. అత్త ప్రశ్నకి జవాబు ఇదే.

మన జిల్లాకి రెండు రకాల చెడ్డ రోజులున్నాయని నాకు తోస్తుంది. ఒకటి పడమటి గాలి రోజు. ఆ రోజు సముద్రపు గాలి ఆలస్యంగా వస్తుంది, లేదా అసలు రాదు. భూమి మీదుగా కాలి వచ్చిన పొడిగాలి మొహం మీద కొడుతుంది. 40 దాటుతుంది. అందరం జాగ్రత్త పడతాం. పత్రికలూ రాస్తాయి. రెండోది ఉక్క రోజు. సముద్రపు గాలి తేమ మోసుకొచ్చి పడేస్తుంది, తరవాత అదీ ఆగిపోతుంది. అంకె 36, 37 దగ్గరే ఉంటుంది. ఎవరూ జాగ్రత్త పడరు. వాతావరణ శాఖ వాళ్లు వడగాడ్పు అని ప్రకటించాలంటే మైదానంలో కనీసం 40, తీరంలో 37 డిగ్రీలు రావాలి, మామూలు కంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువుండాలి. తీరానికి హద్దు తక్కువ పెట్టడంలోనే తేమ సంగతి ఉంది. 2023 నుంచి తేమని కూడా కలిపి ఉష్ణ సూచిక అని ప్రయోగాత్మకంగా ఇస్తున్నారు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా హెచ్చరికలు ఇస్తోంది, వాటిలో మన విజయనగరం, పార్వతీపురం మన్యం, శ్రీకాకుళం మండలాల పేర్లు ఎన్నోసార్లు చూస్తున్నాం. ఇవన్నీ మంచివే. కాని ఫోనులోకి వచ్చిన హెచ్చరిక తోటలోకి రావడం లేదు. నా ఫోను ఆ రోజు నా చేతిలోనే ఉంది. నేను చూసింది ఒక్క అంకె. దాని కింద తేమ ఎంతో రాసి ఉంటుందనీ, అది చూడాలనీ నాకు తెలియదు.

మన పెద్దవాళ్ల కార్తెల లెక్క కూడా పూర్తిగా నమ్ముకోలేం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి, మృగశిర వస్తే చల్లబడుతుంది అంటారు. కార్తె తేదీ తప్పకుండా వస్తుంది గాని, వాన అలా తేదీకి రాదు. 2023 జూన్‌లో నైరుతి ఆలస్యమై, మృగశిర ప్రవేశించి పదిరోజులైనా మన కోస్తాలో వడగాడ్పులు ఆగలేదు.

ఇంతకీ చనిపోయేది ఎవరు? 2002 మే నెలలో ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా వడదెబ్బకి పోయేరు. 2015 వేసవిలో దేశం మొత్తం మీద రెండువేల మందికి పైగా పోతే, వాళ్లలో సగానికి పైగా మన ఆంధ్రప్రదేశ్ వాళ్లే. వీళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు, ఆరుబయట కూలి చేసుకునేవాళ్లు. మా మావలాగా గుండె ఆగి పోయినట్టు లెక్కలోకి వచ్చినవాళ్లు వీరు కాక వేరే. ఎండ అందరికీ ఒక్కటే అంటారు గాని, అది నిజం కాదు. ఫ్యాను కింద కూర్చున్నవాడికి ఒక ఎండ, బుట్ట మోసేవాడికి ఒక ఎండ.

ఇక్కడే నా అసలు మాట. వడదెబ్బ జాగ్రత్తల పేరిట మనం వినేవన్నీ ఎవరికి చెబుతున్నాం? "మధ్యాహ్నం బయటికి వెళ్లకండి, గొడుగు వేసుకోండి, మజ్జిగ తాగండి" అని కూలివాడికి చెబుతున్నాం. పన్నెండింటికి పని ఆపే హక్కు ఆయన చేతిలో ఉందా? ఆపితే రేపు పిలవరు. అడిగితే బద్ధకస్తుడంటారు. ఆ రోజు మావ తువ్వాలుతో విసురుకున్నాడే గాని, "ఇక చాలు" అనలేదు. ఆ మాట అనవలసినవాణ్ణి నేను. కాబట్టి జాగ్రత్తలు ముందు చెప్పవలసింది పని చేసేవాడికి కాదు, పని చెప్పేవాడికి. ఈ కళాశాలలో సగంమందిమి రైతుబిడ్డలం. పని చెప్పే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం. ఈ వ్యాసం మనకోసమే.

మన శ్రీకాకుళం జిల్లా సోంపేట, పలాస, ఇచ్ఛాపురం వైపు నుంచి ఎంతోమంది గల్ఫ్ దేశాలకి పనికి పోతున్నారు. కతారులో 2021 నుంచి ఒక నిబంధన ఉంది. జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. ఎండ, తేమ, గాలి అన్నీ కలిపి కొలిచే సూచిక 32.1 దాటితే, గంటతో నిమిత్తం లేకుండా పని ఆపెయ్యాలి. అక్కడంతా సక్రమంగా జరుగుతోందని నేను అనడం లేదు. కాని పరాయి దేశంలో కొడుకుకి ఉన్న ఆ పాటి నిబంధన, ఇక్కడ మన తోటలో పని చేసే తండ్రికి ఎందుకుండకూడదు? మన దేశంలోనూ దారి ఉంది. 2010 వేసవిలో ఎంతోమందిని పోగొట్టుకున్నాక అహ్మదాబాదు నగరం 2013లో ఎండలకి ముందే ఒక ప్రణాళిక వేసుకుని, హెచ్చరికలు, నీళ్లు, ఆసుపత్రులు సిద్ధం చేసుకుంది. పట్టణం చేసుకున్నది పల్లె కూడా తనకి తగినట్టు చేసుకోవచ్చు.

"ఇవన్నీ చదువుకున్న కబుర్లు. పని ఆగితే నష్టం ఎవరు భరిస్తారు?" అని రైతు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. మా నాన్నా అడిగేడు. రైతేమీ రాక్షసుడు కాదు. ఆయన మెడ మీద లారీ ఉంది, షావుకారు ఉన్నాడు, బ్యాంకు అప్పు ఉంది. అందుకే పని మానడం కాదు, పని గంటలు మార్చడం గురించి ఆలోచించేం. 2025 కోతకి లారీని రాత్రి ఎనిమిదింటికి రమ్మన్నాం. తెల్లారగట్ల అయిదింటికి మొదలుపెట్టి పదిన్నరకి ఆపేసేం. మళ్లీ నాలుగు దాటేక చీకటి పడే వరకు. కూలి తగ్గించలేదు. కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి వారం బరువులు చెప్పలేదు, ఎందుకంటే ఒళ్లు వేడికి అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. తోటలో కుండలు పెట్టి, దాహం వేసినా వెయ్యకపోయినా ఇరవై నిమిషాలకొక గ్లాసు నీళ్లు తాగమన్నాం. పొద్దున్న అందరికీ చోడి అంబలి. ఒక లోడు మర్నాటికి పడి రేటు తగ్గింది. ఖాతా పుస్తకంలో ఆ నష్టం నేనే రాసేను. నాన్న చూసి, పుస్తకం మూసేసి, "రేపు కూడా అయిదింటికే రమ్మను" అన్నాడు.

మన పాత అలవాట్లన్నీ మూఢనమ్మకాలని కొట్టిపారెయ్యకండి. అంబలి, తరవాణి, ఉప్పేసిన మజ్జిగ, ఇవన్నీ పోయిన నీటినీ ఉప్పునీ తిరిగి ఇచ్చేవే. లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపినా సరిపోతుంది (టీ చెంచాతో, కొలత తప్పకుండా). కాని ఉల్లిపాయ తిండికే గాని జేబుకి కాదు. జేబులో ఉన్న ఉల్లిపాయ ఒంటి వేడిని ఒక్క డిగ్రీ కూడా తగ్గించదు. దాన్ని నమ్ముకుని మనిషి విశ్రాంతి మానేస్తే, మేలు చెయ్యకపోగా కీడు చేసినట్టే.

ఇక ఎవరైనా పడిపోతే ఏం చెయ్యాలి? మనిషి మాట తడబడినా, తిక్కగా మాట్లాడినా, తూలినా నవ్వకండి. అదే మొదటి గుర్తు. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకోకండి. పని చేస్తూ పడిపోయినవాడికి చెమట కారుతూనే ఉండవచ్చు. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. బండి వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడకండి. నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చన్నీళ్లు పోసి, విసరండి. బోరు ఉంటే దాని కిందే పెట్టండి. మెడకి, చంకలకి, గజ్జలకి తడి గుడ్డలు వెయ్యండి. తెలివి ఉంటేనే గుక్క గుక్కగా నీళ్లు. తెలివి లేకపోతే నోట్లో చుక్క కూడా పొయ్యకూడదు. జ్వరం మాత్రలు పనికిరావు. ముందు చల్లబరచడం, తరవాతే తీసుకెళ్లడం. ఆ రోజు ఈ మాటలు తెలిసినవాడు ఒక్కడుంటే చాలేది.

చివరిగా మన విద్యార్థి సంఘానికి నాదొక మనవి. వార్షికోత్సవానికి, ఆటల పోటీలకి ఖర్చు పెట్టండి, కాదనను. దాంతోపాటు కళాశాల గేటు దగ్గర ఒక తడి, పొడి బల్బుల హైగ్రోమీటరు, ఒక నల్లబల్ల పెట్టండి. మార్చి నుంచి జూన్ దాకా రోజూ పదింటికి, ఒంటిగంటకి రెండు అంకెలూ రాద్దాం. మేం సైన్సు విద్యార్థులం వంతులేసుకుంటాం. సెలవులకి ఇంటికి వెళ్లే ప్రతి విద్యార్థీ తన ఊళ్లో కోతల దగ్గర, గట్టు పనుల దగ్గర, ఇటుక బట్టీల దగ్గర ఈ సంగతి మన యాసలోనే చెప్పాలి. ముందుగా తన ఇంట్లో చెప్పాలి. మార్కుల కోసం రికార్డులో రాసుకున్న ముక్క, ఒక మనిషికి ఉపయోగపడినప్పుడే చదువు అనిపించుకుంటుంది.

ఈమధ్య ఊరెళ్లినప్పుడు అత్త దగ్గరికి వెళ్లి జవాబు చెప్పేను. ఆ నాలుగు చెట్ల మాట అన్నది నేనేనని కూడా చెప్పేను. నీడున్నా గాలి లేదనీ, చెమట ఆరలేదనీ, నీళ్లు పోసి ఉంటే బతికేవాడేమో అనీ. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "ఆ ముక్క ఆ రోజే తెలిసుంటే బాగున్ను గదా బాబూ" అంది.

ఆ ముక్క ఇప్పుడు మనకి తెలుసు. వచ్చే వేసవికి మన ఊళ్లకి కూడా తెలియాలి.

— బి.ఎస్సీ. విద్యార్థి